ఉద్దండరాయడి రాగి తొట్టి

ఉద్దండరాయడనే రాజుకి కొత్త సరదా పుట్టింది. పదహారు ఎడ్లు లాగే ఇంటిబండి చేయించుకున్నాడు. అందులో పరుపు, పొయ్యి, చివరికి మరుగుదొడ్డి కూడా! దాని కింద పెద్ద రాగి తొట్టి. నెల్లాళ్లు దేశమంతా తిరిగాడు. తొట్టి నిండింది. గోతిలో గుమ్మరించారు గానీ అడుగున గట్టిపడింది మాత్రం కదల్లేదు. ఆ కంపుకి ఎడ్లు మేత మానేశాయి.

"దీన్ని శుభ్రం చేసినవాళ్లు ఏది అడిగితే అది ఇస్తా!" అన్నాడు రాజు, ముక్కు మూసుకుని.

బాటల అధికారి విస్సప్ప మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. తనకు రాని విద్య లేదని అతని నమ్మకం. తొట్టిలో కడవెడు పన్నీరు పోయించాడు.

"ఏమయ్యా, కంపుకి పెళ్లికళ వచ్చింది గానీ పోలేదే!" అన్నాడు రాజు.

సాంబ్రాణి పొగ వేయించాడు. రాజు దగ్గాడు గానీ కంపు జంకలేదు.

"ఇక మనిషిని దింపి గీకించడమే ప్రభూ," అంటూ విస్సప్ప, బండి ఊడ్చే బంగారి వైపు వేలు చూపించాడు. "ఇదైతే సన్నగా ఉంది. దూరుతుంది."

దిగమనేవాడికి పోయేది మాటే. దిగేవాళ్లకి పోయేది ప్రాణం.

బంగారి ఒక దీపాన్ని తాడుకి కట్టి తొట్టిలోకి వదిలింది. లోపలి ఆవిరికి అది చప్పున ఆరిపోయింది.

"చూశారా దొరా? దీపమైతే మళ్లీ వెలిగించుకోవచ్చు. నన్నెవరు వెలిగిస్తారు?"

రాజు తల గోక్కున్నాడు. "మరి నీకేదైనా ఉపాయం తోస్తోందా?"

"తోస్తోంది దొరా. తొట్టిలో సగానికి నీళ్లు, ఇంత కుంకుడు రసం, రెండు గంపల ఏటి గులకరాళ్లు వేసి మూత బిగిస్తా. బండిని విస్సప్పగారు కొత్తగా వేయించిన బాట మీద తోలిద్దాం."

విస్సప్ప విరగబడి నవ్వాడు. "పిచ్చిదానా! నా బాట మీద గుడ్లగంప పెట్టుకుపోయినా ఒక్కటి చిట్లదు. కుదుపే లేకపోతే రాళ్లెలా కదులుతాయే?"

"కదలకపోతే నేనే దిగుతాను బాబూ."

"విన్నారుగా ప్రభూ! అదే ఒప్పుకుంది!"

రాజు విస్సప్పని పక్కన కూర్చోబెట్టుకుని తనే బండెక్కాడు. మొదటి గుంటకి రాజు కిరీటం పైకప్పుకి తగిలింది. రెండో గుంటకి విస్సప్ప వెళ్లి రాజు ఒళ్లో పడ్డాడు. కింద తొట్టిలో రాళ్లు గలగలా, నీళ్లు గుభగుభా! బండి ఆపమని అరుద్దామంటే ఆ కుదుపుకి మాట కూడా ముక్కలైపోయింది. ఆమడ దూరం అదే తంతు.

ఊరి బయట బండి ఆగింది. గొయ్యి తవ్వి తొట్టి అడుగు బిరడా లాగారు. అంతా జరజరా జారిపోయింది. రెండు కడవల నీళ్లతో కడిగాక రాజు తొంగిచూశాడు. రాగి అడుగున తన ముఖమే మెరిసింది, నుదుటి మీద బొప్పితో సహా.

"భళా బంగారీ! ఇంత బాగా ఎలా తోమావే?"

"నేను నీళ్లు పోశానంతే దొరా. తోమింది విస్సప్పగారి బాట!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని హారం తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ఇక మీదట ఏ మనిషినీ తొట్టిలోకి దింపనని మాటివ్వండి."

"ఇచ్చాను! దింపమన్నవాణ్ణే దింపిస్తా!"

విస్సప్పకి చెమటలు పట్టాయి. "రేపే గుంటలు పూడ్పిస్తాను ప్రభూ!"

"తొందరేముంది బాబూ," అంది బంగారి. "తొట్టి మళ్లీ నిండుతుందిగా!"