మేడపాలెం మోయని పల్లకి

మువ్వలకోట రాజు గజకేసరికి ఒక జబ్బు ఉండేది. తెల్లవారుజామున కలలో ఏది కనబడితే, పొద్దుగూకేలోగా అది కళ్ల ముందు ఉండాలి. ఏనుగు కనబడితే అడవికి, మామిడిపండు కనబడితే తోటకు పరుగు. ఆ రోజు కలలో బంగారు ఊరు కనబడింది.

"మన రాజ్యంలో అన్నిటికంటే కలిగిన ఊరు ఏది?" అని నిండుకొలువులో అడిగాడు. "చూపించినవాళ్లకు నా చేతి కడియం ఇస్తాను."

కోశాధికారి శరభామాత్యుడు అందరికంటే ముందు లేచాడు. పొగడ్త దొరికే చోట ఆయన ఎన్నడూ రెండోవాడు కాలేదు.

"మేడపాలెం, ప్రభూ! ఒకప్పుడు పాకలపాలెం. పేరు నేనే మార్పించాను. అక్కడి మగవాళ్లను ఓడెక్కించి పగడాల దీవికి కూలికి పంపాను. వాళ్లు సొమ్ము పంపారు, పాకలు పోయి మేడలు లేచాయి. ఇక రాజ్యమంతా ఇదే చేద్దాం. ఊరూరా సత్తువున్న ప్రతివాడూ ఓడెక్కాలని ఆజ్ఞ రాయించి తెచ్చాను. తమరు ముద్ర వేయడమే తరువాయి."

రాజు ముద్ర తెమ్మన్నాడు.

తమలపాకుల పెట్టె పట్టుకుని పక్కనే నిలబడ్డ అడపం బయ్యనకు తన తమ్ముళ్లు గుర్తొచ్చారు. వాళ్లిద్దరూ సొంతూళ్లో చెరకు వేసుకుని హాయిగా బతుకుతున్నారు. ముద్ర పడితే వాళ్లూ ఓడెక్కాల్సిందే.

"ప్రభూ," అంటూ ఆకుచిలక చుట్టి అందించాడు. "ఊరు చూడకుండా ముద్ర వేస్తే తమరి కలకు మర్యాద ఏముంది? పల్లకిలో వెళ్లి, కళ్లారా చూసి, అక్కడే వేయండి. ప్రయాణం మాత్రం పాత పద్ధతిలోనే సాగాలి."

పాత పద్ధతి ఏమిటంటే, రాజు పల్లకిని ఏ ఊరి పొలిమేరలో ఆ ఊరి మగవాళ్లే మోయాలి. పొలిమేర రాయి దగ్గర దించి అవతలి ఊరివాళ్లకు అప్పగించాలి. రాయి దాటి మోశారంటే, అవతలి ఊళ్లో మగవాడే లేడని వెక్కిరించినట్టు లెక్క.

"భేషుగ్గా ఉంది!" అన్నాడు శరభామాత్యుడు.

"అక్కడ భుజాలకు కొరత ఉండదు కదా, అమాత్యులవారూ?"

"మేడపాలెంలో కొరతా?" శరభామాత్యుడు పొట్ట ఊగేలా నవ్వాడు. "కొరత పడితే నా భుజమే పెడతాను!"

"సభ అంతా విన్నది," అన్నాడు బయ్యన ఎంతో వినయంగా.

పల్లకి బయలుదేరింది. చివరగా గడ్డిపాడు వచ్చింది. అన్నీ పాకలే, చుట్టూ పచ్చటి వరి. అక్కడి కుర్రాళ్లు పల్లకిని ఉరుకులు పరుగుల మీద మోసి, పొలిమేర రాయి దగ్గర దించి, చెమట తుడుచుకుని పక్కకు జరిగారు.

రాయికి అవతల మేడపాలెం. సున్నం కొట్టిన మేడలు ఎండలో కళ్లు జిగేల్మనిపిస్తున్నాయి. వాటి చుట్టూ పొలాల్లో మాత్రం తుమ్మమొక్కలు.

శంఖం ఊదారు. ఎవరూ రాలేదు. మళ్లీ ఊదారు. హారతి పళ్లెంతో నీలమ్మ వచ్చింది, ఆ ఊరి పెద్దామె. వెనక ఆడవాళ్లు, చంటిపిల్లలు, కర్రలు పట్టుకున్న తాతలు.

"మగవాళ్లేరీ?" అన్నాడు రాజు పల్లకి దిగి.

"దీవిలో ఉన్నారు దొరా."

"మరి ఈ మేడలు ఎవరు కట్టారు?"

"గడ్డిపాడోళ్లే. మా ఊళ్లో అడిగినంత కూలి దొరుకుద్దని ఎగబడి వచ్చారు. బియ్యం కూడా వాళ్ల దగ్గరే కొంటాం. మేం కొంటామని తెలిసి ధర వాళ్లిష్టం."

"పొలాలుండగా కొనడమేమిటి?"

"కాలువ పూడిపోయింది దొరా. ఒక్క వేసవికి మా మగాళ్లని తిప్పి పంపండి, పూడిక తీసుకుంటారని కోశాధికారిగారిని అడిగాం. మేడలున్నోళ్లకి మట్టిపని దేనికన్నారు." నీలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మేడ చేదని అనను. దాని పుణ్యాన మా ఆకలి తీరింది. కానీ గృహప్రవేశం అయిన నెలకే మా ఆయన పోతే, పాడె మోయడానికి నాలుగు భుజాలు దొరకలా. పక్కూరోళ్లని కూలికి పిలుచుకున్నాం."

రాజు తల దించుకున్నాడు.

శరభామాత్యుడికి మాత్రం ఎండ తప్ప ఇంకేమీ తగల్లేదు. "ఒరే గడ్డిపాడు కుర్రాళ్లూ! మీరే ఎత్తండి. ఎంత కావాలంటే అంత ఇస్తాను."

"అమ్మో, రాయి దాటితే వీళ్లని వెక్కిరించినట్టు కాదా? రేపు మా మొహాలు ఎలా చూపించుకుంటాం?" అన్నారు వాళ్లు.

"అయితే ఏమిటి దారి? ఇంత కలిగిన ఊళ్లో పల్లకి కదలకపోవడమా!" అని శరభామాత్యుడు చిందులు తొక్కాడు.

బయ్యన చేతులు జోడించాడు.

"తమరు పెంచిన మేడలే కదా, అమాత్యులవారూ! నాలుగింటిని పిలవండి, వచ్చి భుజం పడతాయి."

గడ్డిపాడు కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు కూడా తల ఎత్తి పకపకా నవ్వేశాడు. నవ్వి, శరభామాత్యుడి చేతిలోని ఆజ్ఞను లాక్కుని రెండు ముక్కలు చేశాడు.

"ముద్ర వేస్తాను, కానీ వేరే ఆజ్ఞ మీద. దీవికి ఓడలు వెళ్లాలి. ఈ ఊరి మగవాళ్లు వచ్చి కాలువ బాగుచేసుకునేదాకా వాళ్ల కూలి నా బొక్కసం ఇస్తుంది. ఆ తర్వాత పోయేవాడు పోతాడు, ఉండేవాడు ఉంటాడు. ఎవరినీ తరమడానికి వీల్లేదు." మళ్లీ పల్లకి ఎక్కి దిండుకు ఆనుకున్నాడు. "ఇక ఊరు చూడాలి. అమాత్యా, కొరత పడింది!"

శరభామాత్యుడు బిక్కమొహం వేశాడు. అయినా సభ అంతా విన్న మాట. పట్టుపంచె ఎగ్గట్టి ముందు బొంగు కింద భుజం పెట్టాడు. వెంట వచ్చిన ఆయన గుమాస్తాలు మిగతా బొంగులు పట్టుకున్నారు. పల్లకి లేచింది, ఒరిగింది, మూలుగుతూ కదిలింది.

"నువ్వూ పట్టవేం?" అని పళ్లు కొరికాడు శరభామాత్యుడు.

"చేతిలో అడపం ఉంది కదా స్వామీ," అన్నాడు బయ్యన.

మొదటి మేడ దాటేసరికే శరభామాత్యుడికి ఆయాసం వచ్చింది. "ప్రభూ... ఇంకా... ఎంత దూరం?"

"తొందరేముంది? మీరు పెంచిన ఊరు కదా, ప్రతి మేడా చుట్టి చూడాల్సిందే!" అని లోపలి నుంచి రాజు కేక వేశాడు. ఊరంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్య తెర పక్కకు జరిగింది, రాజుగారి చెయ్యి బయటికి వచ్చింది, బంగారు కడియం బయ్యన తమలపాకుల పెట్టెలో ఖంగున పడింది.