తిరగబడిన దొంతర

అనగనగా ఒక ఊళ్ళో, రాళ్ళ సీమలోనమ్మా, ఒక నాపరాళ్ళ గని ఉండేది. నాపరాయంటే మన వసారాలో పరిచిన బండే. అక్కడ కొండని కోస్తే అప్పడాల దొంతరలా పలక మీద పలక కనిపించేది.

ఆ కొండ వయసు తేల్చడంలోనే ఆచార్లు అనే మేష్టారు ముసలివారైపోయారు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదని, దాని బురదే పొర మీద పొరగా పేరుకుని రాయయిందని, దానికి కోట్ల ఏళ్ళు పట్టిందని ఆయన మాట. కాదు, ఒక్క వరదకే అంతా పోగుపడిందని కొందరు నవ్వేవాళ్ళు. ఆయన పుస్తకం రాశారు. అది అచ్చుకి వెళ్ళేలోగా మంచాన పడ్డారు. అప్పుడు శిష్యురాలు శేషవేణిని పిలిచి, "నా మాటే నిజమైతే అడుగు పొర పైదానికంటే కోట్ల ఏళ్ళు ముందుదవ్వాలి. అవునో కాదో తేల్చి చెప్పమ్మా, విని పోతాను" అన్నారు.

పొరల మధ్య అక్కడక్కడ బూడిద ఉండేది. ఎప్పుడో అగ్నిపర్వతం చిమ్మిన బూడిద. అందులో కంటికి ఆనని రవ్వలుంటాయి. ఆ రవ్వల్లో యురేనియమనే లోహం మెల్లమెల్లగా సీసంగా మారుతూ ఉంటుంది. ఎంత మారింది, ఎంత మిగిలింది అని చూస్తే వయసు తెలిసిపోతుంది. వింటున్నావా?

శేషవేణి గని పక్కన పేర్చిన దొంతరలోంచి అడుగు పలకా పై పలకా తీసుకెళ్ళి, వాటికంటిన బూడిద పరీక్షించి చూసింది. అడుగుదే వయసులో చిన్నదని తేలింది. పరుగున వెళ్ళి ఆయనకి చెప్పేసింది.

"అయితే నాదే పొరపాటు. అచ్చు ఆపించు" అని ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆ తర్వాత ఆమెకి అన్నం సయించలేదు. రెండోసారి ఇంకో దొంతర చూసింది. అదే తేలింది. మూడోసారి ఊరికే గని గట్టున కూర్చుంది.

అప్పుడు మద్దిలేటి అనే గనివాడు కొండలోంచి గడ్డపారతో పై పలక లేపి నేల మీద పెట్టాడు. దాని కింది పలక లేపి దాని మీద పెట్టాడు. కొండలో నెత్తినున్నది దొంతరలో అడుక్కి వెళ్ళింది. శేషవేణికి అప్పుడర్థమైంది. పెద్దాయన చేత లేని తప్పు ఒప్పించింది తన తొందరే కదా.

"అన్నా, కొండ గోడలోంచి నేనే తీసుకుంటా" అంది.

"తీసుకోమ్మా, నిచ్చెన నేను పట్టుకుంటాలే" అన్నాడు.

వాటి వయసు తేలాక ఆమె మేష్టారి కాళ్ళ దగ్గర కూలబడింది. "సార్, దొంతరే తిరగబడింది. కొండ సరిగ్గానే ఉంది. అడుగు పొర నూటయాభై కోట్ల ఏళ్ళది. పైది దానికంటే రెండు కోట్ల ఏళ్ళు చిన్నది. నన్ను క్షమించండి."

ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "పుస్తకం అచ్చు వేయించు. నువ్వు చేసిన తప్పు కూడా అందులో రాయి" అన్నారు.

"నా పేరు పెట్టాలా సార్?"

"పెట్టమ్మా. రేపు ఇంకో పిల్ల వచ్చి ఆ దొంతర దగ్గరే ఆగుతుంది. నీలా ఏడవకూడదు తను."

సిగ్గుపడుతూనే రాసింది. ఆయన చదివించుకుని విన్నారు. ఆ వారమే వెళ్ళిపోయారు.

కొండ కింద కడలి నిదరోయె,
కడలి కింద కాలం నిదరోయె,
కంచి చేరి కథా నిదరోయె,
ఇంట చేరి మా పాప నిదరోయె.