చూరు లేని మేడ

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, ఒక్కటే బావి. నవ్వకండి పిల్లలూ, రాజ్యమంతటికీ నిజంగానే ఒక్కటే బావి. ఆ మెట్టరాజ్యంలో పద్దెనిమిదేళ్ళుగా గట్టి వాన లేదు. నాలుగు చినుకులు రాలితే చాలు, రాజుగారి దగ్గర్నుంచి గొర్రెలకాపరి దాకా అందరూ బిందెలు, చెంబులు పట్టుకుని వీధిలోకి పరిగెత్తేవాళ్ళు. ఆఖరి గట్టి వాన పడ్డ రోజున పుట్టాడు గనక మూడోవాడికి చినుకురాజు అని పేరు పెట్టుకున్నారు.

బావిలో తొమ్మిది మెట్ల నీళ్ళు మిగిలాయి. రాజు పెద్దకొడుకుని పిలిచి, "నాయనా, ఏడు సముద్రాల అవతల రోజూ వాన పడే దేశం ఉందట. మనలాంటివాళ్ళం అక్కడ బతకొచ్చో లేదో చూసి రా. బతకొచ్చంటే అందరం మూటాముల్లే సర్దుకుందాం" అన్నాడు. పెద్దవాడు వెళ్ళాడు. నీళ్ళు ఆరు మెట్లకి దిగినా రాలేదు. నడిమివాడు వెళ్ళాడు. మూడు మెట్లకి దిగినా రాలేదు.

"ఇక నేను వెళ్తాను నాన్నా" అన్నాడు చినుకురాజు.

రాజు గుండె రాయి చేసుకున్నాడు. "నీళ్ళు అయిపోయేలోపల రా నాయనా" అని మాత్రం అన్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు పాత వలలో చిక్కుకుని ఉంది. చినుకురాజు వల కోసి, తన తాగునీళ్ళలో సగం దాని నోట్లో పోశాడు. సముద్రంలో ఉండేదానికి నీళ్ళెందుకని అడక్కండి. ఉప్పునీళ్ళు తాగి తాగి దానికీ విసుగొచ్చింది.

"నా వీపెక్కు మనవడా" అంది తాబేలు. ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటుతున్నారు.

"తాతా, ఎలాంటిదా దేశం?"

"అక్కడ కర్ర పాతితే చిగురేస్తుంది. ఇళ్ళు గుంజల మీద నిలబడతాయి, వరదొస్తే చేపలు కిందనుంచి పోతాయి. పనసకాయలు బోదెకి కాస్తాయి. చలన్నది లేదు, కంబళ్ళు అమ్ముకుందామని వెళ్ళావంటే అడుక్కుతినాల్సిందే. అయితే బట్టలు ఓ పట్టాన ఆరవు. నీ అన్నం నీకంటే ముందు చీమలు రుచి చూస్తాయి. దోమల సంగతి అడక్కు!"

"ఉండటానికి బాగుంటుందంటావా?"

"చూరు మర్యాద తెలిస్తే బాగుంటుంది. రోజూ మధ్యాహ్నం వాన పడుతుంది. పడగానే దగ్గర్లో ఎవరి చూరుంటే దాని కిందకి వెళ్ళాలి. నువ్వెవరని అడగరు. చూరు కిందకి వచ్చినవాడు చుట్టమే. వాన వెలిసేదాకా చుట్టం కదలకూడదు, కదిలితే ఆ ఇంటిని అవమానించినట్టే. చూరిచ్చినవాడికి కీడు తలపెడితే ఆ నేల ఊరుకోదు, చేసినవాడి బలమంతా ఊడిపోతుంది."

ఒడ్డు చేరేసరికి రెండు కొబ్బరిచెట్లు సముద్రం వైపు వంగి ఉన్నాయి. వాటి వెనక ఎత్తైన మేడ. మేడ ముందు మూడు కంబళ్ళు కప్పుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని ధూమకేశుడనే మాంత్రికుడు కూర్చున్నాడు.

"కొత్తవాడివా? ఈ రేవు నాది. నీకు మూడు వానలు గడువు. మర్యాద తప్పావా, వీళ్ళ పక్కన మూడో కొబ్బరిచెట్టువవుతావు. గట్టెక్కావా, నీవాళ్ళందరినీ తెచ్చుకో."

"వీళ్ళేం తప్పు చేశారు?"

"చినుకు పడగానే చూరు కిందనుంచి బిందె పట్టుకుని పరిగెత్తారు!"

అయ్యో, ఆ రాజ్యంలో పుట్టినవాళ్ళు ఇంకేం చేస్తారు పిల్లలూ? చినుకురాజు రెండు చెట్లనీ చెరో చేత్తో నిమిరి, కళ్ళు తుడుచుకుని ఊళ్ళోకి నడిచాడు.

మొదటి వానకి పోకవ్వ అనే ముసలామె చూరు కిందకి చేరాడు. ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన! కాళ్ళు ఆగితేనా? ఉత్తరీయంతో కాలిని గుంజకి కట్టేసుకున్నాడు. పోకవ్వ మనవరాలు కందళి పకపకా నవ్వింది.

"ఏమయ్యా, మా గుంజని ఎత్తుకుపోతావా ఏమిటి?"

చినుకురాజు తన ఊరి బావి సంగతి చెప్పాడు. కందళి నవ్వు ఆగిపోయింది. ఉడికించిన కందగడ్డలు తెచ్చి ముందు పెట్టింది. తర్వాత మెట్టు మీద తడుస్తున్న కోడిపిల్లల మీదకి అరటాకు పట్టింది.

"వాటికి కూడానా?"

"ఆకు పట్టినా చూరే. ఇప్పుడవి నా చుట్టాలు."

అప్పుడు మేడలోంచి "హాచ్! హాచ్!" అని వినిపించింది. "వాన పడ్డంతసేపూ ఇంతే" అంది పోకవ్వ. "పొడిగదిలో తలుపులేసుకుని కూర్చుని మరీ తుమ్ముతాడు."

రెండో వాన ఒక జాలరి ఇంట్లో పట్టుకుంది. ఆ జాలరి చుట్టం కాళ్ళు కడగాలని నిండు బిందె కుమ్మరించేశాడు. మెట్టరాజ్యంలో ఆ బిందెతో ఒక కుటుంబం పది రోజులు గడుపుతుంది. "అయ్యయ్యో" అనబోయి చినుకురాజు నాలుక కరుచుకున్నాడు. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ కూడా మేడలో తుమ్ములే. 'తడవనివాడికి జలుబెందుకు? వాడి ప్రాణమేదో ఎక్కడో తడుస్తూ ఉండాలి' అనుకున్నాడు.

మూడో రోజు మాంత్రికుడు కబురంపాడు. "ఇవాళ్టి వానకి నా వాకిటికి రా." కందళి అతని చేతిలో ఒక పెద్ద అరటాకు పెట్టి, "జాగ్రత్త" అంది.

వాకిట్లో అడుగుపెట్టగానే ఉరిమింది. చినుకురాజు చుట్టూ చూశాడు. మేడకి చూరే లేదు. తనకి చుట్టాలెవరూ అక్కర్లేదని మాంత్రికుడు చూరు లేకుండా కట్టించుకున్నాడు.

"ఇక్కడ నిలబడితే చూరు లేదు, బయటికి పరిగెత్తితే మర్యాద లేదు. కొబ్బరిచెట్టు అవుతావా?" అని నవ్వాడు ధూమకేశుడు.

చినుకులు మొదలయ్యాయి. మేడ మీదనుంచి సన్నగా "హాచ్!" అని వినిపించింది. వెంటనే కింద మాంత్రికుడు "హాచ్!" అన్నాడు. చినుకురాజు తలెత్తాడు. ఎవరికీ అందకూడదని మేడ కొసన, కప్పు లేని చోట పెట్టిన పంజరం, అందులో తడిసి ముద్దయిన చిలక!

మూడేసి మెట్లు దూకుతూ ఎక్కాడు. కింద మాంత్రికుడు మంత్రదండం ఎత్తి మంత్రం అందుకున్నాడు. చినుకురాజు అరటాకు తెరిచి, చిలకకీ తనకీ పైన పట్టాడు.

మాంత్రికుడి తుమ్ము సగంలో ఆగిపోయింది.

"ధూమకేశా! నీ ప్రాణం నా చూరు కింద ఉంది. నువ్విప్పుడు నా చుట్టానివి. వాన వెలిసేదాకా కదలకు."

మాంత్రికుడు వింటేనా? మంత్రం పూర్తి చేశాడు. దండం పిండై చేతిలోంచి రాలిపోయింది, మంత్రాలన్నీ మరుపున పడ్డాయి.

చిలక మెడ విరిచెయ్యొచ్చు కదా అంటారా? చుట్టం మెడ ఎవరైనా విరుస్తారా! చినుకురాజు దానికి పనసతొన పెట్టాడు. కింద ధూమకేశుడు మూడు కంబళ్ళూ విప్పి కూలబడి, "ఇన్నేళ్ళకి వెచ్చగా ఉంది" అని వలవలా ఏడ్చాడు.

ఒడ్డున అన్నలిద్దరూ మనుషులై లేచారు. ముగ్గురూ కావలించుకున్నారు. తాబేలు తన చుట్టాలు మూడు వందల మందిని వెంటేసుకుని మెట్టరాజ్యానికి వెళ్ళి, ప్రజలందర్నీ వీపుల మీద తెచ్చింది. వాళ్ళు బయల్దేరేనాటికి బావిలో అరమెట్టు నీళ్ళున్నాయి.

వాళ్ళు దిగగానే వాన మొదలైంది. మేడకి అప్పటికే ధూమకేశుడే దగ్గరుండి పొడవాటి చూరు దింపించాడు. అందరూ దాని కింద నిలబడి, బిందెలు పట్టుకుని వానలోకి పరిగెత్తబోయారు. పోకవ్వ చూసి, "పరిగెత్తడమెందుకర్రా? చూరునీళ్ళు నీళ్ళు కావా? ఇక్కడే పట్టుకోండి!" అంది. చూరు పొడవునా బిందెలు వరసగా పెట్టారు. అన్నీ నిండి పొర్లాయి.

ముసలిరాజు, "ఇంకో బిందె తెండి, వెలిసిపోతుందేమో!" అని కేకలేశాడు.

చినుకురాజు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "నాన్నా, రేపు కూడా పడుతుంది."

"రేపు కూడానా?" అన్నాడు రాజు. చేతిలో చెంబు మెల్లగా కింద పెట్టి, ఉత్త దోసిలి చూరు కింద చాచి చాలాసేపు నిలబడ్డాడు.

ఆ వారమే చినుకురాజుకీ కందళికీ పెళ్ళయింది. ముహూర్తం వేళ వానొచ్చింది, ఒక్కరూ కదల్లేదు. చిలక కూడా చూరు కిందే కూర్చుని పెళ్ళి చూసింది. వాళ్ళు ఆ రేవుని డెబ్భై ఏళ్ళు చల్లగా ఏలారు.

అదిగో, మన చూరు కూడా కారడం ఆగింది. ఇక లేవండి పిల్లలూ, ఇప్పుడు కదలొచ్చు.