కెల్డన్ కొండ ఆవుదారి మహిమ

వెర్మాంట్ కొండల నడుమ కెల్డన్ విశ్వవిద్యాలయం వెలసి ఉన్నది. వచ్చినవారు ముందుగా దర్శించవలసినది గ్రంథాలయమూ కాదు, గంటగోపురమూ కాదు. కొండ నడినెత్తిన బారుగా సాగిన పాత రాతిభవనానికి సరిగ్గా మధ్యలో ఒక తోరణద్వారం ఉన్నది. దానికి తలుపులు లేవు. చలికాలంలో మంచు లోపలికి కొట్టుకొస్తుంది, పక్క గదుల్లో పాఠాలు చెప్పేవారి పళ్ళు టకటక కొట్టుకుంటాయి. అయినా తలుపు పెడదామన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. ద్వారం కింద రాళ్ళు కూడా పరవలేదు, వట్టి మట్టిదారే.

పూర్వం ఇక్కడ బడి లేదు, పుస్తకం లేదు. కొండకు తూర్పున మెహిటబెల్ క్రేన్ అనే వితంతువు క్లోవర్ అనే ఆవును పెట్టుకొని ఒంటరిగా బతికేది. పడమటి లోయలో ఒక ఊట ఉండేది. ఎంతటి చలికైనా గడ్డకట్టని నీరు ఆ చుట్టుపక్కల అదొక్కటే. క్లోవర్ రోజూ కొండ దాటి వెళ్ళి అక్కడ నీళ్ళు తాగి వచ్చేది. అలా నడిచి నడిచి కొండ మీద ఒక దారి పడింది.

ఆ రోజుల్లో అబైజా కెల్డన్ అనే పాస్టరుగారికి కల వచ్చింది. కొండ మీద దీపాలు వరుసగా వెలుగుతున్నాయట, ప్రతి దీపం దగ్గరా ఒక కుర్రవాడు చదువుకుంటున్నాడట. తెల్లవారగానే ఆయన క్రేనమ్మ గుమ్మంలో నిలబడి, ఆమె సొంతమైన ఆ కొండను బడి కట్టడానికి ఇమ్మని అడిగాడు.

"ఊరికే తీసుకోండి పాస్టరుగారూ. నా ఆవు దారి మాత్రం మూయకండి" అన్నది ఆమె. ఆయన బైబిలు మీద చెయ్యి వేసి మాట ఇచ్చాడు.

ఇక ఆ నిర్మాణం ఏమని చెప్పేది! వచ్చిన విద్యార్థులు పట్టుమని పదిమంది లేరు. పొద్దున పాఠం, మధ్యాహ్నం రాళ్ళ మోత. పాస్టరుగారి భుజాలు కాయలు కాచిపోయాయి. ఆ గోడల్లోని ఒక్కొక్క రాయిని చూస్తే, ఇది మనుషులు మోసిందేనా అని నేటికీ నోట మాట రాదు. ఇచ్చిన మాట ప్రకారం ఆవు దారి మీద తోరణం కట్టి వదిలారు.

అంతలో, రాబోయే వసంతంలో బోస్టన్ పెద్దలు విద్యాలయాన్ని చూడ వస్తున్నారని కబురు అందింది. విద్యామందిరం నడుమ నుంచి ఆవు నడిచిపోతుంటే పెద్దమనుషులు ఏమనుకుంటారు? పాస్టరుగారికి తల కొట్టేసినట్లయింది. తోరణానికి అడ్డంగా పలకలు బిగించి, "అమ్మా, ఆవును చుట్టూ తిప్పి తోలుకువెళ్ళండి" అన్నాడు. క్రేనమ్మ పోట్లాడలేదు. కాని క్లోవర్ వింటుందా? రోజూ వచ్చి పలకలకు మూతి ఆనించి, కదలకుండా అరుస్తూ నిలబడేది. పాపం, ఆ ముసలమ్మే ఊట నుంచి నీళ్ళు మోసి తెచ్చి దానికి తాపేది.

నడి చలికాలంలో ఒక ఉదయం కుర్రవాళ్ళంతా నీళ్ళ కోసం ఊటకు దిగారు. ఉన్నట్టుండి మంచుతుఫాను విరుచుకుపడింది. ఎదుట ఉన్న మనిషి కనబడడు. పాస్టరుగారు కేకలు పెట్టాడు, గాలి ఆ కేకలను మింగేసింది. కన్నవారు తనను నమ్మి పంపిన బిడ్డలు! ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. దిక్కు తెలియక గోడ పట్టుకొని నడిచి తోరణం దగ్గరికి వస్తే, అక్కడ క్రేనమ్మ, ఆమె పక్కన క్లోవర్. పలకలకు మూతి ఆనించి అరుస్తున్నది.

"దానికి దారి తెలుసు పాస్టరుగారూ. వదిలితే తిన్నగా ఊట దగ్గరికే పోతుంది" అన్నది ఆమె.

"అమ్మా, నేను మాట తప్పాను..."

"అది తర్వాత చెప్పుకుందాం. ముందు గొడ్డలి తెండి!"

తాను బిగించిన పలకలను ఆయన తానే నరికాడు. క్లోవర్ ఆ తెల్లని శూన్యంలోకి తడబడకుండా అడుగు పెట్టింది. దాని వీపు మీద చెయ్యి వేసి పాస్టరుగారు, మెడగంట మోగిస్తూ క్రేనమ్మ నడిచారు. ఊట చుట్టూ కుర్రవాళ్ళు ఒకరినొకరు కరుచుకొని కూర్చున్నారు, కొందరు అప్పటికే మాట్లాడలేకపోతున్నారు. ఆవు నీళ్ళు తాగింది. తాగి వెనక్కి తిరిగింది. దాని వెనుక ఒకరి భుజం ఒకరు పట్టుకొని అందరూ, ఒక్కరు తక్కువ కాకుండా, తోరణం దాటి లోపలికి వచ్చారు. ఔరా! ఆ నేల మీద పాస్టరుగారు మోకరిల్లి పసివాడిలా ఏడ్చాడట.

వసంతంలో బోస్టన్ పెద్దలు వచ్చారు. తోరణం కింద నిలబడి స్వాగతం చెబుతున్న పాస్టరుగారు మధ్యలో ఆపేసి, టోపీ తీసి పక్కకు తప్పుకున్నాడు. క్లోవర్ వస్తున్నది. ఒక్క క్షణం దిగ్భ్రమ చెంది, ఆ పెద్దలూ టోపీలు తీశారు.

నాటి నుంచి ఏటా మొదటి మంచు కురిసిన ఉదయం ఒక ఆవును ఈ దారిన నడిపిస్తారు. కొత్త విద్యార్థులు ఒకరి భుజం ఒకరు పట్టుకొని దాని వెనుక వెళతారు. అలా నడిచినవారు పరీక్షలో గట్టెక్కుతారని ఎవరూ చెప్పరు గాని, జన్మలో దారి తప్పరని ఇక్కడివారి గట్టి నమ్మకం. విశ్వవిద్యాలయ అధ్యక్షులు ఎంతటివారైనా సరే, టోపీ చేతబట్టుకొని మంచులో పక్కకు ఒదిగి నిలబడవలసిందే. ఊట దగ్గర ఆవు దాహం తీరి తల ఎత్తేదాకా ఆ రోజు పాఠాలు మొదలు కావు.