మర్యాదకన్న మాట

కేతవరం ప్రభువు కేతభూపతికి ఒకనాడు మాటల మీదే కోపం వచ్చింది.

రాదూ మరి! పొరుగు రాజు పట్టపుటేనుగును అడిగితే, కాదనలేక మొహమాటానికి "చూద్దాం" అన్నాడు. మన దగ్గర చూద్దామంటే ఏమిటో చంటిపిల్లలకు కూడా తెలుసు. పొరుగు దేశంలో తెలియదు. వాళ్ళు ఏనుగుకు శాల కట్టించారు, గడ్డి కోయించారు, చూసి చూసి చివరికి కయ్యానికి కాలు దువ్వారు.

"ఏ దేశంవాళ్ళతో ఏ మాట ఎలా అనాలో చెప్పగల పండితుడు కావాలి. వాగధికారి పదవి ఇస్తాను" అని రాజు చాటింపు వేయించాడు.

కేదారభట్టు వచ్చాడు. ఆయన వయసంతా దేశదేశాల మాటతీరు పరిశోధించడంలోనే ఖర్చయింది. కాశీలో తప్పు ఎలా ఒప్పుకుంటారో, కన్నడ దేశంలో పిల్లను ఎలా అడుగుతారో, మరాఠా దేశంలో ఎలా తిడతారో అంతా బండెడు తాటాకుల మీద రాసుకొచ్చాడు. వెళ్ళిన ప్రతి దేశంలోనూ తనను పొలిమేర దాకా సాగనంపారని గొప్పగా చెప్పుకున్నాడు. ఎందుకు సాగనంపారో ఎవరూ అడగలేదు.

"ఇంత తిరిగి తేల్చిందేమిటి భట్టుగారూ?" అన్నాడు రాజు.

"మాటకు పలికిన అర్థమొక్కటే అర్థం ప్రభూ. లోపల ఇంకేదో భావం ఉందనుకోవడం వల్లే దేశాలు కొట్టుకు ఛస్తున్నాయి."

రాజుకు తెగ నచ్చింది. ఆలోచించనక్కర్లేని సిద్ధాంతం ఏ రాజుకు నచ్చదు? రాజ్యంలో ఇకమీదట పలికిన అర్థమే చెల్లుతుందని అక్కడికక్కడే శాసనం చేసేశాడు. పదవి సంగతి తేలేదాకా పండితుడికి బస చూడమని ఆస్థాన విదూషకుడు తిప్పనకు పురమాయించాడు.

తిప్పన ఆయన్ను తన ఇంటికే తీసుకెళ్ళాడు. ఇల్లాలు ముత్తమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, అందరితో అనే మాటే అంది.

"మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి."

ఆ మాట ఆమె ఎందరితోనో అని ఉంటుంది. పాపం, ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. భట్టు పట్టించుకున్నాడు.

మర్నాటికల్లా పడకటింట్లో ఆయన తాటాకులు, చావట్లో ఆయన మంచం. తిప్పన మంచం పశువుల కొట్టంలోకి చేరింది. వంటింట్లో ఉప్పు ఎక్కడ ఉండాలో కూడా ఆయనే చెప్పసాగాడు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి తిప్పన సామెతలోనే విన్నాడు. ఈయన నిజంగానే నిచ్చెన వేసుకుని లెక్కపెట్టి, రెండు పుచ్చిపోయాయని తిప్పననే కోప్పడ్డాడు.

"మర్యాదకన్నాను గదండీ! మా పుట్టింటివాళ్ళు కూడా ఆ మాటకు రెండు పూటలుండి పోయేవాళ్ళు" అని ముత్తమ్మ కళ్ళొత్తుకుంది. అది తిప్పన తాత కట్టిన ఇల్లు. తిప్పనకు కడుపు మండిపోయింది.

అయినా ఓర్చుకున్నాడు. ఏకు మేకై కూర్చుంది. ఒకరోజు భట్టు తిప్పన అరుగు మీద, తిప్పన తమలపాకులే నములుతూ అన్నాడు: "నా శిష్యులొస్తున్నారోయ్. నువ్వు వేరే ఇల్లు చూసుకో."

తగవు సభకెక్కింది.

"ఈయన ఇల్లాలు తన ఇల్లు నా ఇల్లేనంది ప్రభూ. తమ శాసనం ప్రకారం ఇల్లు నాదే" అన్నాడు భట్టు.

రాజు ఇబ్బందిగా కదిలాడు. "శాసనం నాదాయె. ఆ మాట అన్నారా తిప్పనా?"

"అన్నాం ప్రభూ."

"అయితే నేను మాత్రం ఏం చెయ్యను?"

ఇల్లు పోయినట్టే. తిప్పన భట్టు వైపు తిరిగాడు.

"స్వామీ, మా ఆవిడ అన్న మాట ఉన్నదున్నట్టు ఒక్కసారి చెప్పండి. పండితులు, ముక్క మింగకూడదు."

"'మా ఇల్లు మీ ఇల్లే అనుకోండి' అంది."

"మీరు అనుకున్నారా?"

"నిక్షేపంలా అనుకున్నాను!"

"అనుకోమంది, అనుకున్నారు. ఇల్లు తీసుకోమని ఎవరన్నారు?"

"అది కాదయ్యా... ఆ మాట లోపలి భావం..."

"లోపల భావం కూడా ఉంటుందా స్వామీ? అయితే అదీ వినండి. రెండు పూటలు తిని బయల్దేరమని మా ఆవిడ భావం!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎటు తిప్పినా ఇల్లు తిప్పనదేనని తీర్పు చెప్పాడు. శాసనాన్ని కొట్టేయించి, చేతి కంకణం తీసి పైకెత్తి ఊరించాడు.

"తిప్పనా, ఈ కంకణం నీదే అనుకో."

తిప్పన చెయ్యి చాచాడు.

"అనుకున్నాను ప్రభూ. ఇక ఇప్పించండి."

కంకణం చేతిలో పడింది. పదవి రాదని తేలిపోయిన భట్టు మొహం గంటు పెట్టుకుని "సెలవు ప్రభూ" అన్నాడు. రాజు అలవాటుకొద్దీ చెయ్యెత్తాడు.

"మంచిది భట్టుగారూ, వెళ్ళి..."

తిప్పన ఒక్క గెంతులో సింహాసనం ముందుకొచ్చి పడ్డాడు.

"అక్కడ ఆపేయండి ప్రభూ! 'రండి' అన్నారంటే ఈయన నిజంగానే వస్తాడు!"

సభంతా ఘొల్లుమంది. కేదారభట్టును ఈ దేశంలోనూ పొలిమేర దాకా సాగనంపారు.