గీత దగ్గర విడిచిన బూట్లు

ఎవరైనా పని చేసుకుంటుంటే పక్కన నిలబడి సలహా చెప్పడం నాలో ఉన్న గొప్ప సుగుణం. పంక్చర్ వేసేవాడికి ట్యూబు ఎక్కడ నొక్కాలో చెబుతాను. సెలూన్‌లో నా తల వెనక, నాకే కనబడని చోట, ఎలా కత్తిరించాలో కూడా చెబుతాను. డబ్బులు పుచ్చుకోను. అడిగేదాకా ఆగను కూడా. ఫుట్‌బాల్ జన్మలో ఆడలేదు గనక, ఆ ఆట గురించి చెప్పేటప్పుడు అసలు మొహమాటమే ఉండదు.

నాలాంటివాడే కొరియాలో ఒకడుండేవాడు. పేరు దోగ్యున్. తేడా ఒక్కటే, అతనికి ఆట వచ్చు.

మురాంపో అనే చిన్న రేవు పట్నం జట్టుకు అతను చాలా ఏళ్లు ఆడాడు. అతని ఎడమకాలు తగిలిన బంతి గోల్‌కీపర్‌కు కనబడేది కాదట, వినబడేదట. ఆ ఊరి చేపల మార్కెట్ గోడమీద అతని బొమ్మ వేశారు. మనిషి మొత్తం కాదు, ఎడమకాలు ఒక్కటే. మోకాలు అరిగి ఆట మానేశాక ఆ జట్టుకే కోచ్ అయ్యాడు.

అయ్యాడు గానీ ఆట బూట్లు విప్పలేదు. వాటితోనే మైదానం గీత పక్కన నిలబడేవాడు. నిలబడేవాడని మర్యాదకు అంటున్నాను. పరిగెత్తేవాడు. "ఎడమకి! కొట్టు! అలా కాదు!" అని గొంతు పోయేలా అరిచేవాడు. కుర్రాళ్లు బంతి కాలికి అందగానే ముందు కోచ్ వంక చూసేవారు. ఆ చూసేలోపు అవతలివాడు బంతి పట్టుకుపోయేవాడు.

ఓడుతూ ఓడుతూ చివరి మ్యాచ్‌కి వచ్చారు. కనీసం డ్రా చేసుకోకపోతే జట్టునే ఎత్తేస్తామని ఊరివాళ్లు తేల్చి చెప్పారు.

ముందురోజు దోగ్యున్ తన చిన్ననాటి గురువు తక్ మాస్టారి ఇంటికి పరిగెత్తాడు. స్కూల్లో అతనికి బంతి ముట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇప్పుడు రిటైరై, ఎండిన చేపలు ఒలుచుకుంటూ కూర్చుంటాడు.

"మాస్టారూ, ఆ పదకొండు మందిలో ఒక్కడికి నా కాలుంటే చాలు, గెలిచేస్తాం. ఏం చెయ్యమంటారు?"

మాస్టారు అతని పాదాల వంక చూశాడు.

"బూట్లేవీ?"

"గుమ్మం దగ్గర విడిచాను. మీ ఇంట్లోకి బూట్లతో వస్తానా?"

"మంచిది" అన్నాడు మాస్టారు. "రేపు మ్యాచ్‌కి వస్తాను. ఈ చేప తిను."

మర్నాడు చలి కొరికేస్తోంది. రేవులో పడవలన్నీ కట్టేసి ఊరు ఊరంతా మైదానానికి వచ్చింది. మాస్టారు బెంచీ వెనక మొదటి వరసలో కూర్చున్నాడు.

మొదటి సగం ముగియబోతోంది. బంతి దొర్లుకుంటూ దోగ్యున్ నిలబడ్డ వైపు గీత మీదికి వచ్చింది. బయటికి పోయే బంతే అనుకున్నాడు. అనుకునేలోపే ఎడమకాలు లేచింది. బంతిని ఎంత మెత్తగా ఆపాడంటే, జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్ల మీద విజిల్ పడింది. గీత పూర్తిగా దాటని బంతిని కోచ్ ముట్టుకున్నాడు. అవతలి జట్టుకు ఫ్రీ కిక్. వాళ్లు దాన్ని గోల్ ముందుకు లేపారు, ఒకడు తలతో కొట్టాడు, వల కదిలింది.

అంచు వెంట పరిగెత్తి ఆడే వింగర్ ఉన్‌చాన్ గీత దగ్గర రొప్పుతూ నిలబడిపోయాడు.

"కోచ్ గారూ, నేను వస్తున్నాను కదా!"

"నీకు అందేది కాదులే!" అన్నాడు దోగ్యున్. అన్నాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

విరామంలో మాస్టారు కిందికి దిగి వచ్చాడు.

"బూట్లు విప్పు."

"మాస్టారూ, ఈ చలిలోనా!"

"విప్పమన్నానుగా."

గురువు మాట. విప్పాడు. మాస్టారు ఆ జత తీసుకెళ్లి, తెల్లగీత ఇవతల, గుమ్మం దగ్గర పెట్టినట్టు పక్కపక్కనే సర్ది పెట్టాడు. మళ్లీ వెళ్లి తన చోట కూర్చున్నాడు.

రెండో సగం మొదలైంది. ఒంటి మీద కోటు, కాళ్లకు తడి మేజోళ్లు. దోగ్యున్ అరవబోతూ గీత దాకా పరిగెత్తాడు. ఎదురుగా తన బూట్లు. నోరు మూసుకున్నాడు. మళ్లీ పరిగెత్తాడు. మళ్లీ బూట్లు.

కుర్రాళ్లు అలవాటు కొద్దీ అతని వంక చూశారు. ఏమీ వినబడలేదు. బెదిరిపోయారు. కాసేపు ఆట సంతలో తప్పిపోయినవాళ్లలా సాగింది. అప్పుడు వెనకనుంచి కెప్టెన్ అరిచాడు.

"నా వైపు చూడండిరా!"

"అన్నా, ఇటు! ఇటు!"

"వదులు, నాది!"

"వెనక మనిషున్నాడు, చూసుకో!"

మైదానం ఒక్కసారిగా చేపల మార్కెట్ అయిపోయింది. బంతి కాలినుంచి కాలికి పరిగెత్తింది. ఒక షాట్ స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. ఊరంతా లేచి నిలబడింది. దోగ్యున్ తన కోటు కాలర్ పళ్లతో కొరుక్కుంటున్నాడు.

రిఫరీ గడియారం చూసుకుంటున్నాడు. బంతి మళ్లీ దొర్లుకుంటూ గీత మీదికి వచ్చింది. సూటిగా దోగ్యున్ దగ్గరికే. ఎడమకాలు లేచింది.

లేచి, గాలిలోనే ఆగింది. కొంగలా ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

ఈసారి తలెత్తి చూశాడు. అటునుంచి ఉన్‌చాన్ వస్తున్నాడు. పరుగు కాదది, దూకుడు. బంతి గీత మీద ఉండగానే కాలి చివరతో లోపలికి లాగి, తిరిగి, గోల్ ముందుకు కొట్టాడు. కెప్టెన్ ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, నుదురు పెట్టాడు.

ఒకటి-ఒకటి. విజిల్.

డ్రాకి అంత గోల చేసిన ఊరు ఇంకోటి ఉండదు. ముసలివాళ్లు టోపీలు ఎగరేశారు. ఎవరి టోపీ ఎవరికీ తిరిగి దొరకలేదు. కుర్రాళ్లంతా గీత వైపు పరిగెత్తుకొచ్చారు.

"రండి కోచ్ గారూ! లోపలికి రండి!"

దోగ్యున్ కదల్లేదు. మేజోళ్లతో బూట్ల పక్కనే నిలబడి, ఉన్‌చాన్ వంక చూశాడు.

"మొదటిసారి కూడా నీకు అందేదేనా?"

"అందేదండీ."

దోగ్యున్ వెనక్కి తిరిగి మాస్టారి వంక చూశాడు.

మాస్టారు జేబులోంచి ఎండుచేప ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు.

"పిలిచారుగా" అన్నాడు. "ఇప్పుడు వెళ్లు."

ఇది రాస్తుండగా మా వంటింట్లోంచి పోపు వాసన వచ్చింది. ఆవాలు ఇంకా చిటపటలాడలేదని మా ఆవిడకు చెప్పడానికి లేచాను. చెప్పులు విడిచే వెళ్లాను. నోరు మూసుకోవడం మాత్రం నాకు ఇంకా రాలేదు.