కదలని లిథియం

పేరిందేవిగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆవిడ ప్రయోగశాలలో చేరిన వాళ్ళకి మొదటి వారంలోనే ఈ సంగతి తెలిసిపోతుంది. నిస్సీ పరిశోధనకి చేరి నాలుగేళ్ళయింది. అయినా ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ గది గుమ్మంలో నిలబడి అడగకుండా ఉండలేకపోయింది.

"మేడమ్, నా బిళ్ళలో ఒక్క లోపం చూపించండి. లేదు కదా? మరి లిథియం ఎందుకు కదలడం లేదండీ?"

ఆ బిళ్ళ సంగతి కాస్త చెప్పాలి. మామూలు బ్యాటరీల్లో లిథియం ఒక ద్రవంలో ఈదుతుంది. మితిమీరి వేడెక్కితే ఆ ద్రవం భగ్గుమంటుంది. ఒంగోల్లో నిస్సీ అన్నయ్య నడిపే బ్యాటరీ ఆటో అలాగే అంటుకుంది. మనిషి దక్కాడు గానీ అరచెయ్యి కాలింది. ద్రవం బదులు పింగాణీలాంటి గట్టి బిళ్ళ పెడితే ఆ భయం ఉండదని నిస్సీ ఈ పరిశోధనకి వచ్చింది. గట్టి పదార్థంలో లిథియం ఈదలేదు, ఒక చోటి నుంచి పక్క చోటికి గెంతాలి. కొలిమిలో లిథియం ఆవిరైపోతుందని నిస్సీ దాన్ని కాస్త ఎక్కువే కలిపింది. పొడి కాల్చే మూసలోంచి అల్యూమినియం అంటుకుంటుందని ఆ మూసనే మార్చేసింది. పసిపిల్లని కాచుకున్నట్టు కాచుకుంది. పరీక్ష చేయిస్తే లిథియం ఉండాల్సిన చోట్లన్నీ నిండుగా, ఒక్కటీ ఖాళీ లేకుండా కనిపించాయి. లిథియం కదలికని కొలిచే మీటరు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఇక సోమవారం నుంచి ఈ పదార్థాన్ని వదిలేస్తానని చెప్పడానికే ఇప్పుడు వచ్చింది. ఆ మాటా చెప్పేసింది.

"ఆకలేస్తోంది, పద" అన్నారు పేరిందేవిగారు.

శుక్రవారాలు తలో గిన్నె తెచ్చుకుని వరండాలో నిలబడి పంచుకు తినడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు ఆవిడ అందరినీ గుండ్రంగా నిలబెట్టి కొత్త షరతు పెట్టారు. గిన్నె కింద పెట్టకూడదు. చేతిలో ఒకటుండగా ఇంకొకటి అందుకోకూడదు. అన్ని గిన్నెలూ అందరి దగ్గరికీ రావాలి.

ఒక్క గిన్నె కదిలితే ఒట్టు. గోంగూర పచ్చడి వాసన ముక్కుకి తగులుతోంది గానీ చేతికి రావడం లేదు. నిస్సీకి కుడిపక్కన నిలబడ్డ సీనియర్ బషీర్ "అందరం ఒకేసారి మార్చుకుందాం" అన్నాడు. వన్, టూ, త్రీ అనేసరికి చేపల పులుసు సగం అతని చొక్కా మీద పడింది.

"మాకు లేకుండా చొక్కాకి పెట్టావేంట్రా!" అన్నారెవరో. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ నవ్వుల్లోనే పేరిందేవిగారు నిస్సీ చేతుల్లోంచి పులిహోర గిన్నె లాక్కుని, పక్కకి వెళ్ళి హాయిగా తినడం మొదలుపెట్టారు.

"మేడమ్, అది నాదండీ!" అంటూ నిస్సీ రెండు చేతులూ చాపింది. ఇదే అదనని బషీర్ ఆ చేతుల్లో తన పులుసు గిన్నె పెట్టేశాడు. దాంతో అతని చేతులు ఖాళీ అయ్యాయి. వాటిలోకి గోంగూర వచ్చింది. గోంగూర ఇచ్చినామె చేతుల్లోకి వంకాయ కూర వచ్చింది. గిన్నెలు ఒక్కొక్కటే ఇటు జరుగుతుంటే ఖాళీ అటు జరుగుతోంది. నిస్సీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"అల్యూమినియం!" అని అరిచింది ఉన్నట్టుండి.

ఒక అల్యూమినియం మోసే విద్యుదావేశం మూడు లిథియాలకి సమానం, కాబట్టి అది వచ్చి కూర్చోవాలంటే మూడు లిథియాలు లేచిపోవాలి. అంటే రెండు చోట్లు ఖాళీ అవుతాయి. దాన్నే కదా మలినమని ఇన్నాళ్ళూ గడప తొక్కనివ్వలేదు! షరతూ గిరతూ చూడకుండా చేతిలో గిన్నె పక్కవాళ్ళకి అంటగట్టి, నిస్సీ కొలిమి దగ్గరికి పరుగెత్తింది.

తర్వాతి వారం చిటికెడు అల్యూమినియం వేసి కాల్చిన బిళ్ళని మీటరుకి తగిలించారు. అంకె వెనకటికి ఎన్నో రెట్లు చూపించింది. నిస్సీ ఆనందం పట్టలేక గెంతింది, బషీర్ వీపు మీద దరువేసింది, ఒంగోలుకి ఫోన్ చేసి "కదిలిందన్నయ్యా!" అని ఏడుస్తూ నవ్వింది. ఏం కదిలిందో అన్నయ్యకి అర్థం కాలేదు గానీ, చెల్లెలి గొంతు విని అతనూ నవ్వాడు.

"వేరే పదార్థం ఊసే ఎత్తనండీ మేడమ్! ఈసారి అల్యూమినియం బోలెడు వేస్తాను. లోపలంతా ఖాళీలే ఖాళీలు!"

పేరిందేవిగారు కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. "అందరం ఉత్త చేతులతో వస్తే, ఏం తింటామమ్మా?"